మోగే బంతి

మన దేశంలో ఆటలాడేవాళ్ళ కంటే ఆడవద్దని చెప్పేవాళ్ళ సంఖ్య ఎప్పుడూ ఎక్కువే. ఎండలో తిరిగితే వడదెబ్బ కొడుతుందనీ, వానలో తిరిగితే పడిశం పడుతుందనీ, ఎండా వానా లేనినాడు పరీక్షలు దగ్గరపడ్డాయనీ పిల్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టటానికి మనకు కారణాల కరువు లేదు. కాళ్ళూ కళ్ళూ సవ్యంగా ఉన్నవాడి గతే ఇది అయినప్పుడు, కాలు పట్టు తప్పినవాడి సంగతీ, చూపు లేనివాడి సంగతీ చెప్పాలా? వాడికి కారణం కూడా చూపించనక్కరలేదు. "నీకెందుకురా నాయనా!" అంటే చాలు, వాడు అరుగు మీద కూర్చుండిపోతాడు. ఆ మాటలో ప్రేమ లేదని నేననను. బోలెడంత ఉంది. అయితే తలుపుకు గడియ పెట్టింది కూడా ఆ ప్రేమే.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకు ముందు మాటలు తోస్తాయి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, గుడ్డి కన్న మెల్ల నయమన్నట్టు - ఇలా మన నుడికారంలో లోపమున్న ప్రతి అవయవానికీ ఒక సామెత సిద్ధంగా ఉన్నది. పస లేని నెపాలకు కుంటిసాకులని పేరు పెట్టుకున్నాం. ఆ సాకులు చెప్పేవాళ్ళలో కాళ్ళు బాగున్నవాళ్ళే ఎక్కువైనా సరే! ఒకప్పుడు అవిటివాళ్ళన్నాం. అది మోటుగా ఉందని వికలాంగులన్నాం. 2015 తరవాత దివ్యాంగులనే మాట సర్కారు కాగితాల్లోకి వచ్చింది. పేరు మార్చినందుకు నాకు అభ్యంతరమేమీ లేదు. కాకపోతే అది ఖర్చులేని మరమ్మతు. బడి గుమ్మం ముందు మూడు మెట్లూ అలాగే ఉండి, ఆటస్థలానికి పోయే దారి అలాగే గతుకులతో ఉండి, "నీకెందుకు" అనే పలుకు కూడా అలాగే ఉంటే, కొత్త పేరు పెళ్ళి శుభలేఖ మీద అచ్చువేసిన బిరుదులాగా చూసి ఆనందించటానికే తప్ప మరెందుకూ పనికిరాదు.

మన శాస్త్రాల్లో అంధపంగు న్యాయమని ఒకటి ఉన్నది. చూపు లేనివాడు నడక లేనివాణ్ణి భుజాల మీద కెక్కించుకుంటాడు. పైవాడు దారి చెబుతాడు, కిందివాడు నడుస్తాడు. ఇద్దరూ అడవి దాటి క్షేమంగా ఊరు చేరతారు. ప్రకృతి పురుషుల సంబంధం తేటపరచటానికి సాంఖ్యులు ఈ ఉపమానం వాడుకున్నారు. బాగానే ఉంది. ఊరు చేరిన తరవాత ఆ ఇద్దరూ ఏం చేశారో మాత్రం ఎవరూ రాయలేదు. సంతకు వెళ్ళారా? తోలుబొమ్మలాట చూశారా? నడక లేనివాడు చెరువులో ఈత కొట్టాడా? చూపు లేనివాడు నలుగురిలో కూర్చుని పులిజూదం ఆడాడా? శాస్త్రకారుడికి ఆ గొడవ అక్కరలేదు. వాళ్ళు బతికి బయటపడితే ఆయన పని అయిపోయింది.

మన పని కూడా అక్కడితోనే అయిపోతున్నది. అన్నం పెడతాం, మందు ఇప్పిస్తాం, పింఛను దరఖాస్తు రాసిపెడతాం. ఇవన్నీ చెయ్యవలసినవే. కాని మనిషికి సాయంత్రం అనేది ఒకటి ఉంటుంది గదా! ఐదు గంటల నుంచి ఏడింటి దాకా అతను ఏం చెయ్యాలి? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఏదో ఒక వైకల్యం ఉన్నవారు 2 కోట్ల 68 లక్షల మంది. అన్ని కోట్ల సాయంత్రాల సంగతి ఎవరైనా ఆలోచించారా అన్నదే ఈ వారం నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకై నాకు పుట్టింది కాదు. ఈ శీర్షిక చదివే ఒక తల్లిగారు ఉత్తరం రాశారు. వారి అమ్మాయికి పదమూడేళ్ళట. పుట్టుకతో చూపు లేదు. చదువులో చురుకే. ఈ మధ్య బడిలో ఎవరో చెప్పగా విని, క్రికెట్ ఆడతానని పట్టుబట్టింది. సంగీతం నేర్పిస్తామంటే వద్దంటున్నది. "దెబ్బ తగిలితే ఎవరు పూచీ పడతారు? అయినా ఆ ఆట వల్ల దానికి వచ్చే ప్రయోజనమేమిటి?" అని ఆమె అడిగారు. ఏ తల్లి అయినా అడిగే ప్రశ్నలే గనుక రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పటం మర్యాద.

ముందు ప్రయోజనం సంగతి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుడంటే వైద్యులు కూడా ఆశ వదులుకునేవారు. నడుము కింద చచ్చుబడి, మంచాన పడి, వీపున పుండ్లు పడి, మూత్రకోశం చెడి, చాలామంది త్వరలోనే కన్నుమూసేవారు. అలాంటివారి కోసం ఇంగ్లండులో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో 1944లో ఒక విభాగం తెరిచి, లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడికి అప్పగించారు. ఆయన నాజీల బాధ పడలేక జర్మనీ విడిచివచ్చిన యూదుడు. ఆయన వచ్చీరాగానే రోగులను రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పించాడు, లేపి కూర్చోబెట్టించాడు, పని చెప్పాడు. ఆ పైన చేతికి విల్లు ఇచ్చాడు. విల్లు లాగితే భుజాలు గట్టిపడతాయి, చక్రాల కుర్చీలో ఒడుపుగా కూర్చోవటం వస్తుంది. 1948 జులై 29న లండనులో ఒలింపిక్ పోటీలు మొదలైన రోజునే, ఆ ఆసుపత్రి పచ్చికలో 16 మంది మాజీ సైనికులు కుర్చీల్లో కూర్చుని బాణాలు వేశారు. వాళ్ళలో ఇద్దరు స్త్రీలు. పన్నెండేళ్ళు తిరిగేసరికి 1960లో రోము నగరంలో 23 దేశాల నుంచి 400 మంది అలాంటి ఆటగాళ్ళు చేరారు. ఇప్పుడు నాలుగేళ్ళకోసారి జరిగే పారాలింపిక్ పోటీలకు అదే మొదలు.

కాబట్టి ప్రయోజనం కావాలంటే ఉన్నది. ఆట మందులాగా పనిచేసిందని వైద్యుడే సాక్ష్యం చెప్పాడు. కాని నాకు ఇందులో నచ్చినది వేరే. మందు అయితే రోగం కుదిరాక సీసా అవతల పారేస్తారు. ఆ సైనికులు విల్లు అవతల పారెయ్యలేదు. తమలో తాము పందేలు వేసుకున్నారు, పక్క ఆసుపత్రివాళ్ళతో పోటీపడ్డారు, గెలిచినవాడు మీసం తిప్పాడు, ఓడినవాడు గాలి అడ్డం వచ్చిందన్నాడు కాబోలు. మన పక్కింటి కుర్రవాడు గాలిపటం ఎందుకు ఎగరేస్తున్నాడని మనం ప్రయోజనం అడగం గదా! సరదా అంటే సరిపోతుంది. చూపులేని అమ్మాయి బంతి అడిగినప్పుడు మాత్రం దరఖాస్తులో కారణం రాయమంటాం. ఇది న్యాయం కాదు.

ఇక దెబ్బల సంగతి. అంధుల క్రికెట్ ఎలా ఆడతారో తెలియని వారికి ఆ మాటే విడ్డూరంగా ఉంటుంది. తెలిస్తే ఎంత తేలికైన ఉపాయం అనిపిస్తుంది. బంతి గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. లోపల చిన్న చిన్న ఇనుప గుళ్ళు ఉంటాయి. దొర్లితే గలగలమంటుంది. బంతి వేసేవాడు "రెడీ?" అని అడగాలి. బ్యాటు పట్టినవాడు సరేనన్న తరవాత "ప్లే" అని కేకవేసి వదలాలి. చెయ్యి పైకెత్తి విసరకూడదు. కింది నుంచి నేల బారుగా వెయ్యాలి. పిచ్ సగం దాటకముందే బంతి ఒకసారైనా నేలను తాకాలి. వికెట్లు ఇనుపవి, బంతి తగిలితే ఖణేలుమంటాయి. జట్టులో పదకొండుగురిలో కనీసం నలుగురు బొత్తిగా చూపు లేనివారై ఉండాలి. తక్కినవారు మసక చూపువారు. బొత్తిగా చూపు లేనివాడు కొట్టిన పరుగులకు రెండింతల లెక్క. అతను ఒక గంతు వేసిన బంతిని పట్టినా క్యాచ్ కిందే చెల్లుతుంది. ఇంత చేశాక ఆట ఆటే. వికెట్ల ముందు మోకాళ్ళ మీదికి వంగి, చెవి బంతికి ఒప్పగించి, బ్యాటు నేలకు రాసి అడ్డంగా ఊడ్చినట్టు కొట్టే ఆ దెబ్బ చూడవలసిందే.

"నిబంధనలు మార్చారు గదా, మరి అది క్రికెట్ ఎలా అవుతుంది?" అని మా సహాధ్యాపకులొకరు ఆక్షేపించారు. ఆయన క్రికెట్ భక్తులు. నేను వారికి మనవి చేసినదేమంటే - నిబంధనలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వికెట్ల మధ్య దూరం 22 గజాలు ఎందుకయింది? ఆ కాలపు ఇంగ్లండులో భూములు కొలిచే గొలుసు పొడవు అంత కనుక. ఓవరుకు ఆరు బంతులే ఎందుకు? నాలుగూ, ఐదూ, ఎనిమిదీ కూడా చెల్లిన రోజులున్నాయి. ఆస్ట్రేలియాలో 1979 దాకా ఎనిమిదే. చెయ్యి భుజం మీదికెత్తి బంతి విసరటం 1864లో గాని చట్టబద్ధం కాలేదు. అంతకు ముందు తరాలవారు కింది నుంచి వేసిన ఆటే అసలు ఆట. ఆ లెక్కన ఇప్పటి మన వీరుల కంటే చూపులేని బౌలర్లే పూర్వాచారపరాయణులు! ఆయన నవ్వి ఊరుకున్నారు. నవ్వు వచ్చే మాటే అయినా లోపల నిజం ఉన్నది. ఆడేవాళ్ళ అనుకూలం కోసం పెట్టుకున్నవే నిబంధనలు. కొత్త ఆటగాడు వచ్చినప్పుడు కొంచెం జరిగి చోటివ్వటంలో దయాధర్మాల ప్రసక్తి ఏమీ లేదు.

చదరంగం చూడండి. ఇందులో జరగవలసింది మరీ కొంచెం. చూపులేనివారి పలకలో నల్ల గళ్ళు కాస్త ఎత్తుగా ఉంటాయి. ప్రతి గడికీ చిన్న రంధ్రం, ప్రతి పావుకూ అడుగున మేకు. ఒక పక్షం పావుల తలమీద చిన్న గుర్తు. వేళ్ళతో తడిమితే యుద్ధమంతా కనబడుతుంది. పావు ముట్టుకుంటే ఎత్తు వెయ్యవలసిందేనని చదరంగంలో కఠినమైన నియమం ఉన్నది గదా, మరి తడిమి చూసేవాడి గతేమిటి? ఆ చిక్కు కూడా విప్పారు. రంధ్రంలోంచి పావు పైకి తీస్తేనే ముట్టుకున్నట్టు లెక్క. ఎత్తులు పైకి చెప్పుకుంటారు. చూపున్నవాడికి అతని పలక, చూపులేనివాడికి ఇతని పలక. అంతే. ఎదురుగా కూర్చున్నవాడు ఎంతటివాడైనా రాయితీ ఏమీ అక్కరలేదు, షరతులన్నీ సమానం.

ఆటకే కాదు, పనిముట్టుకూ ఇదే న్యాయం. కాలు పోయినవారికి పూర్వం పాశ్చాత్య పద్ధతిలో చేసిన కొయ్యకాళ్ళు తొడిగేవారు. అవి బూటు వేసుకుని, కుర్చీలో కూర్చుని, చదునైన బాట మీద నడిచేవాడికి తగినవి. పొలం గట్టు మీద ఒట్టికాళ్ళతో నడిచేవాడికీ, పీట మీద కూర్చుని భోంచేసేవాడికీ అవి ఎందుకు పనికొస్తాయి? జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పీ, పి.కె. సేథీ అనే శస్త్రవైద్యుడూ కలిసి 1968 ప్రాంతంలో రబ్బరుతో మనవాళ్ళ నడకకు సరిపోయే పాదం తయారు చేశారు. గొంతుకూర్చోవచ్చు, బాసింపట్టు వెయ్యవచ్చు, బురదలో దిగవచ్చు. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ ఆ పాదంతోనే మళ్ళీ గజ్జె కట్టింది. ఆమె కథను 1985లో సింగీతం శ్రీనివాసరావుగారు 'మయూరి' అనే తెలుగు సినిమాగా తీస్తే, తన పాత్ర తానే ధరించింది. ఆ సినిమా చూసి కన్నీళ్ళు పెట్టుకోని ఇల్లాలు లేదు. ఆ ఇల్లాళ్ళలో ఎందరు, ఇంటికి వచ్చి, కాలు సరిగా లేని పిల్లను నాట్యం నేర్చుకోవటానికి పంపించి ఉంటారు?

ఇక్కడ ఆ తల్లిగారి సంగీతం సంగతి కూడా చెప్పాలి. చూపు లేదనగానే హార్మోనియం తెచ్చిపెట్టటం మనకు పాత అలవాటు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి పేరు చెబుతారు. వారికి చిన్ననాటి నుంచీ చూపు మందమే. అన్నగారి దగ్గర వాయులీనం పట్టుకున్నారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరుదామని వెళితే, వారి వాయిద్యం విని అధ్యాపకులుగానే తీసుకున్నారని సంగీతప్రియులు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభ వారికి సంగీత కళానిధి బిరుదమిచ్చింది. గాత్రానికి పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును నడివేదిక మీదికి తెచ్చి ఒంటరిగా కచేరీ చేయించిన ఘనులు వారు. అయితే ఇదంతా చూపు మందమైనందువల్ల వచ్చిందా? మందచూపువాళ్ళు లక్షల మంది ఉన్నారు, ద్వారంవారు ఒక్కరే. వారికి ఆ కమానంటే ప్రాణం. చూపున్నా వారు అదే పట్టుకునేవారని నా నమ్మకం. ప్రాణం బంతి మీద ఉన్న పిల్లకు ఫిడేలు ఇస్తే సంగీతానికీ మేలు లేదు, పిల్లకూ లేదు. ఏం ఇష్టమో ఆమెనే అడగాలి. అదృష్టవశాత్తూ ఆ అమ్మాయి అడగకుండానే చెప్పింది.

ఇప్పుడు మరో పక్క నుంచి వచ్చే ప్రమాదం చెబుతాను. జాలి మానుకోమంటే మనవాళ్ళు వెంటనే హారతి పళ్ళెం అందుకుంటారు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామంలో కూలి చేసుకుని బతికే దంపతులకు పుట్టిన జీవాంజి దీప్తి మేధాపరమైన వైకల్యంతో పెరిగింది. ఊళ్ళో కొందరు ఆ పిల్లను వెక్కిరించేవారనీ, ఎక్కడైనా వదిలెయ్యమని సలహాలిచ్చినవారు కూడా ఉన్నారనీ తల్లిదండ్రులే పత్రికలవారికి చెప్పారు. ఆమె పరుగెత్తింది. 2024 మే నెలలో జపానులోని కోబేలో 400 మీటర్ల పరుగు 55.07 సెకండ్లలో ముగించి, అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పి బంగారు పతకం తెచ్చింది. అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్సులో కాంస్యం తెచ్చింది. ఇక దండలేమిటి, ఊరేగింపులేమిటి! ఆమెకు అన్నీ తగును. నా బాధ ఆ దండలతో కాదు. ఆమె పరుగెత్తకపోయి ఉంటే ఆ నోళ్ళు ఏమని ఉండేవి? పతకం తెచ్చిన తరవాత గౌరవం ఇచ్చామంటే, అంతకు ముందు ఇవ్వవలసింది బాకీ పడ్డామన్నమాట.

అందులోనూ బాకీ తీర్చటంలో మనం ఎంత నింపాదిగా ఉంటామో మురళీకాంత్ పేట్కర్ కథ చెబుతుంది. 1965 యుద్ధంలో తుపాకి గుళ్ళు తగిలి నడుము చెడిన సైనికుడు ఆయన. అంతకు ముందు ముష్టియోధుడు. తరవాత ఈతకు దిగి, 1972లో జర్మనీలోని హైడల్‌బర్గులో జరిగిన పారాలింపిక్సులో 50 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలుచుకున్నాడు. ఒలింపిక్సులో భారతీయుడొకడు ఒంటరి పోటీలో స్వర్ణం తేవటానికి ఆ తరవాత 36 సంవత్సరాలు పట్టింది. పేట్కరుకు పద్మశ్రీ ఇవ్వటానికి 46 సంవత్సరాలు పట్టింది. అది 2018లో అందింది. స్వర్ణం తెచ్చినవాడే అంతకాలం వాకిట నిలబడితే, ఏమీ తేనివాడు ఎక్కడ నిలబడాలి?

ఏమీ తేనివాడి గురించే నా దిగులంతా. లోకంలో ఎక్కువమంది వాళ్ళే గదా! పది పదిహేనేళ్ళ కిందట మా తరగతిలో పోలియో వల్ల ఒక కాలు సన్నబడిన కుర్రవాడు ఉండేవాడు. కళాశాల మ్యాచి అంటే అతనికి స్కోరు పుస్తకం ఇచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. అంచేత ఆ ఉద్యోగం శాశ్వతమయిపోయింది. ఒకనాడు జట్టులో ఒకడు తక్కువ పడ్డాడు. కుర్రవాళ్ళు ఇతని చేతికి బ్యాటు ఇచ్చి, పరుగుకు వేరొకణ్ణి పెట్టారు. మూడో బంతికి వికెట్లు ఎగిరిపోయాయి. సున్నా! బంతి కింద ఉండిపోయిందనీ, అంపైరుకు కళ్ళు లేవనీ సణుక్కుంటూ, బ్యాటు నేలకేసి కొడుతూ తిరిగి వచ్చాడు. జట్టువాళ్ళు వారం రోజులు అతన్ని గుండుసున్నా అని పిలిచారు. ఎవరూ "పాపం" అనలేదు. "మాస్టారూ, వాళ్ళు నన్ను బతకనివ్వటం లేదండీ" అని నాతో ఫిర్యాదు చేశాడు. చేస్తున్నంతసేపూ ముఖం మతాబాలా వెలిగిపోతున్నది. మూడేళ్ళు స్కోరు రాసినందుకు రాని ఆనందం సున్నా చేసినందుకు వచ్చింది. ఆ రోజు నుంచి స్కోరు పుస్తకం కావలసినవాళ్ళు వేరే మనిషిని వెతుక్కోవలసి వచ్చింది.

ఓడిపోయే హక్కు కూడా హక్కే. చెడ్డగా పాడే హక్కు, వంకర బొమ్మ వేసే హక్కు, సున్నాకు అవుటయ్యే హక్కు మనందరికీ ఉన్నాయి. మనం వాటిని ధారాళంగా వాడుకుంటున్నాం. వైకల్యమున్నవాడు మాత్రం ఆడితే ప్రపంచ వీరుడు కావాలి, లేకపోతే అరుగు మీద కూర్చోవాలి అంటే ఎలా? 2016లో మన పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టం చేసింది. అందులో 29వ సెక్షను కళలకూ వినోదానికీ, 30వ సెక్షను ఆటలకూ సంబంధించినవి. ఆటస్థలాలూ, కార్యక్రమాలూ వీరికి కూడా అందేట్టు మార్చాలని అందులో ఉన్నది. పతకాలు తెచ్చేవారికి మాత్రమే అని ఆ చట్టం అనలేదు. చట్టం చేసినవాళ్ళు మనకంటే ఉదారంగానే ఆలోచించారని ఒప్పుకోవాలి.

కనుక అమ్మా, మీ అమ్మాయిని పంపించండి. దెబ్బ తగలదని నేను హామీ ఇవ్వలేను. మోకాలు కొట్టుకుపోతుంది, వేలు వాస్తుంది. పసుపు పెట్టండి. ఆడిన పిల్లలందరికీ తగిలే దెబ్బలే అవి. మన ఆంధ్రుడు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి అంధుల క్రికెట్ ఆడి 2023 సంవత్సరపు అర్జున పురస్కారం తెచ్చుకున్నాడు. చూపులేని మహిళలకు మొట్టమొదటి ప్రపంచ కప్పు 2025 నవంబరులో జరిగితే, దీపిక నాయకత్వాన మన అమ్మాయిలు కొలంబోలో నేపాలు జట్టును ఓడించి గెలుచుకున్నారు. ఈ సంగతులు మీ అమ్మాయికి చెప్పండి, సంతోషిస్తుంది. కాని నీవు కూడా అంతదానివి కావాలని మాత్రం ఇప్పుడే చెప్పకండి. ముందు ఆడనివ్వండి.

తక్కిన పాఠకులకు ఒక చిన్న మనవి. అంధుల క్రికెట్‌కు పుట్టినిల్లు ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరం. 1922లో అక్కడి ఒక కర్మాగారంలో పనిచేసే చూపులేని కార్మికులిద్దరు ఒక రేకు డబ్బాలో రాళ్ళు వేసి, ఆ చప్పుడు వింటూ మొదలుపెట్టిన ఆట అది. వాళ్ళకు సంఘాలు లేవు, చందాలు లేవు, ప్రభుత్వ సహాయం లేదు. మీ వీధిలోనూ అరుగు మీద కూర్చుని పిల్లల కేకలు వింటున్నవాడు ఒకడుంటాడు. వచ్చే ఆదివారం మీ పిల్లలు ఆటకు బయలుదేరేటప్పుడు వంటింట్లో ఖాళీ డబ్బా ఏదైనా ఉంటే ఇవ్వండి. నాలుగు గులకరాళ్ళు వాళ్ళే ఏరుకుంటారు.